లదేణి నుంచి లేబర్ అడ్డా దాకా: ఉప్పల్, నాచారంలో మన ఆడబిడ్డల పని చరిత్ర

ఈ స్మారక సంచికలో మన పండుగల గురించి, పాటల గురించి, జాతి కోసం పాటుపడిన నాయకుల గురించి పెద్దలు రాస్తున్నారు. అవన్నీ భద్రపరచుకోవలసిన విషయాలే. మేము మాత్రం ఎక్కువగా ఎవరూ రాయని ఒక చరిత్ర గురించి నాలుగు మాటలు రాయదలిచాము. అది మన పని చరిత్ర. ముఖ్యంగా ఉప్పల్, నాచారం ప్రాంతాల్లో ఇప్పుడు నలభై అయిదు, అరవై ఏళ్ల మధ్య వయసులో ఉన్న మన అక్కలు, వదినలు చేస్తున్న పని గురించి. వాళ్లకు ఈ వయసులో ఆ పనే ఎందుకు దొరికింది, వేరే పని ఎందుకు దొరకలేదు అన్నదే మా ప్రశ్న.

గిరిజన బాలికల హాస్టళ్లలో వార్డెన్లుగా పనిచేసే మా దగ్గరకు పిల్లల తల్లులు వస్తుంటారు. పిల్లల్ని చేర్పించడానికి కొందరు, వంటమనిషి పనో కామాటి పనో ఉందేమోనని అడగడానికి కొందరు. "ఇంతకు ముందు ఏం పని చేశావమ్మా?" అని అడిగితే చాలామంది చెప్పే జవాబు ఒకటే. "ఏం చెయ్యలే మేడం, ఇంట్లనే ఉన్న." ఆ మాట అన్న మనిషి పదేళ్ల వయసులో మేకలు కాసింది. పన్నెండేళ్లకు తమ్ముళ్లను చంకన వేసుకుని సాకింది. పెళ్లయ్యాక నాట్లు వేసింది, పత్తి ఏరింది. పట్నం వచ్చి తట్టలు మోసింది, ప్యాకింగ్ సెక్షన్‌లో నిలబడింది. నలభై ఏళ్ల కష్టం "ఏం చెయ్యలే" అన్న రెండు ముక్కల్లోకి ఎలా ఇమిడిపోయిందో తెలియాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

ఇల్లూ పనీ కలిసి నడిచిన కాలం

ఈనాడు తండా అంటే నాలుగిళ్ల ఊరు. మొదట తండా అంటే ఊరు కాదు, నడిచే బిడారు. ఎడ్ల మీద ధాన్యం, ఉప్పు వేసుకుని దేశమంతా తిరిగిన ఆ వ్యాపారాన్ని మన పెద్దలు లదేణి అంటారు. పీటర్ మండీ అనే ఇంగ్లీషు వర్తకుడు 1632లో ఆగ్రా నుంచి పాట్నాకు పోతూ దారిలో ధాన్యం మోస్తున్న 14,000 ఎడ్ల తండాను చూశానని రాసుకున్నాడు. వాళ్లు భార్యాబిడ్డలతో, మొత్తం సంసారంతో కదులుతారని కూడా రాశాడు. మన చరిత్రలో మేము ఎక్కువగా పట్టించుకోవలసింది ఆ రెండో మాట అని మాకు తోస్తుంది.

లదేణిలో ఇల్లు ఒక చోట, పని ఇంకో చోట ఉండేవి కావు. ఎడ్లు కదిలితే ఇల్లు కదిలినట్టే. చంటిబిడ్డ తల్లి కూడా బిడారుతోనే నడిచేది. గోనెలు కుట్టడం, బరువు ఎక్కించడం, దించడం, మజిలీలో వంట చేయడం, పశువులను చూసుకోవడం అన్నీ ఇంటిపనీ అవే, వ్యాపారమూ అవే. బిడ్డ పుట్టిందని ఆడమనిషి పనిలోంచి బయటకు పోయేది కాదు. ముసలి యాడి బరువు మొయ్యలేకపోతే పిల్లల్ని చూసేది, దారి చెప్పేది. ఏ వయసుకు తగిన పని ఆ వయసుకు ఉండేది. ఆ బతుకు సుఖమైనదని మేము అనడం లేదు. కరువులు, రోగాలు, దారి దోపిడీలు అన్నీ ఉన్నాయి. కానీ "మధ్యలో పదేళ్లు ఏం చేశావు?" అని ఆడమనిషిని అడిగే అవసరం ఎవరికీ రాలేదు.

మౌలాలి మీదుగా వచ్చిన రైలు

1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు మార్గం వచ్చింది. తర్వాత అది కాజీపేట, వరంగల్ మీదుగా సాగి 1889లో బెజవాడను చేరింది. నాచారానికి దగ్గర్లోని మౌలాలి స్టేషన్ మీదుగా ఘట్‌కేసర్ వైపు పోయే పట్టాలు ఆ దారివే. సముద్రతీరం నుంచి ఉప్పు, ఊళ్ల నుంచి ధాన్యం ఎడ్ల మీద రావలసిన అవసరం ఆ పట్టాలతో తగ్గుతూ వచ్చింది. ఇవాళ నాచారంలో పని వెతుక్కునే మన ఆడబిడ్డ రోజూ వినే రైలు కూత, వాళ్ల ముత్తాతల ఉపాధిని తీసుకుపోయిన రైలు కూతే.

రవాణా పోయాక తండాలు ఒక చోట నిలిచిపోయాయి. పశువులు మేపి, అడవి మీద బతికి, చివరకు భూమి దగ్గరికి వచ్చాము. అప్పటికే మంచి భూములన్నీ దొరలు, దేశ్‌ముఖుల చేతుల్లో ఉన్నాయి. ఊరి బయట రాళ్ల భూములు, కౌలు, పాలేరుతనం, వెట్టి మిగిలాయి. దానికి తోడు బ్రిటిషు ప్రభుత్వం 1871లో తెచ్చిన నేరస్థ తెగల చట్టం తిరిగే జాతుల మీద అనుమానపు ముద్ర వేసింది. చట్టం 1952లో రద్దయింది. ముద్ర అంత తొందరగా పోలేదు. అనుమానం ఉన్నవాడికి నమ్మకమైన కొలువు ఎవరూ ఇవ్వరు. మట్టి పని, మోత పని ఇస్తారు.

జనగామ ప్రాంతంలో ధర్మాపురం భూమి కోసం లంబాడా రైతులు విసునూరు దేశ్‌ముఖును ఎదిరించి నిలబడ్డారు. ఆ పోరాటంలో ప్రాణమిచ్చిన జాటోత్ ఠానూ నాయక్ పేరు మన పిల్లలకు తెలియాలి. అలా నిలబెట్టుకున్న భూమే ఒక తరానికి తిండి పెట్టింది. కానీ అయిదెకరాలు ముగ్గురు కొడుకులకు, వాళ్ల పిల్లలకు పంచితే ఒక్కొక్కరికి మిగిలేది ఎంత? బోరు ఎండిన ఏడాది, పత్తి పోయిన ఏడాది, జనగామ, తొర్రూరు, మహబూబాబాద్ వైపు కుటుంబాలు వరంగల్ రోడ్డు పట్టుకుని బస్సెక్కాయి. ఆ రోడ్డు పట్నంలోకి అడుగుపెట్టేది ఉప్పల్ దగ్గరే.

అన్న హాస్టలుకు, చెల్లె మేకల వెంట

బస్సెక్కక ముందే తండాలో ఇంకొకటి జరిగింది. షెడ్యూల్డ్ కులాలు, తెగల ఉత్తర్వుల సవరణ చట్టం 1976లో వచ్చింది. అప్పటిదాకా ఆంధ్ర ప్రాంతంలో మాత్రమే ఎస్టీలుగా ఉన్న లంబాడాలు, ఎరుకలవారు ఆ చట్టంతో తెలంగాణలో కూడా ఎస్టీలయ్యారు. హాస్టల్ సీటు, స్కాలర్‌షిప్, ఉద్యోగాల్లో రిజర్వేషన్ మన గడప దాకా వచ్చాయి. మన జాతి చరిత్రలో అంత పెద్ద మలుపు ఇంకొకటి లేదు.

అయితే ఆ తలుపు తెరుచుకున్నప్పుడు ఇంట్లోంచి ముందుగా ఎవరిని పంపారు? ఎక్కువ ఇళ్లలో మగపిల్లవాడిని. వాడు హాస్టలుకు పోతే ఇంట్లో పని ఆగకూడదు కదా. ఆ పని ఆడపిల్ల మీద పడింది. మేకలు, చిన్న తమ్ముడు, నీళ్లు, కట్టెలు. తల్లి కూలికి పోవాలంటే ఇంట్లో ఒక మనిషి ఉండాలి. ఆ మనిషి పెద్దకూతురు. అంటే అన్న చదువుకు చెల్లె చేసిన పని పెట్టుబడి అయింది. ఆ లెక్క ఎవరూ రాసుకోలేదు.

ఈ తరంలో అలాంటి అన్నాచెల్లెళ్లు మనకు ప్రతి కాలనీలో కనిపిస్తారు. ఒకే తల్లి కడుపున పుట్టినవాళ్లు. అన్న పదో తరగతి పాసై రైల్వేలోనో, ఆర్టీసీలోనో, పోలీసులోనో చేరాడు. నెలనెలా జీతం, ఇంక్రిమెంటు, రిటైరైతే చేతికి ఏదో ఒక మొత్తం. చెల్లె పదిహేనేళ్లకే పెళ్లయి, ఇద్దరు పిల్లలతో పట్నం వచ్చి, ఇప్పుడు అపార్ట్‌మెంట్లలో అంట్లు తోముతున్నది. అన్న తెలివైనవాడు, చెల్లె తెలివిలేనిది అని ఎవరైనా అంటే అది అబద్ధం. యాభై ఏళ్ల వయసులో ఇద్దరి ఉద్యోగాలు వేరయ్యాయంటే, ఆ వేరు పదేళ్ల వయసులోనే పడింది.

ఉప్పల్, నాచారంలో పని ఎలా దొరికింది

ఈ ప్రాంతంలో రెండు రకాల పని ఉండేది. ఒకటి పెద్ద కేంద్ర సంస్థలది. ఎన్‌జీఆర్‌ఐ 1961లో, ఉప్పల్‌లోని సర్వే శిక్షణ సంస్థ 1967లో ఏర్పడ్డాయి. హబ్సిగూడలో సీసీఎంబీ వచ్చింది. వాటిలో కొలువుకు పరీక్ష, సర్టిఫికెట్ కావాలి. రెండోది ఉప్పల్, నాచారం, మల్లాపూర్ పారిశ్రామికవాడలది. మందులు, ప్లాస్టిక్, ఇంజనీరింగ్, తిండి పదార్థాలు తయారుచేసే షెడ్లు అవి. నాచారంలో ఈఎస్ఐ ఆసుపత్రి ఉండడమే ఇక్కడ ఎంతమంది కార్మికులు బతికారో చెబుతుంది. తండా నుంచి వచ్చిన ఆడమనిషికి మొదటి రకం పని దగ్గరలో ఉన్నా దూరమే. రెండో రకంలో ఆమెకు చోటు దొరికింది, హెల్పర్‌గా, ప్యాకింగ్‌లో, ఊడ్చే పనిలో.

ఏ వయసులో వచ్చింది, ఎంతమంది పిల్లలతో వచ్చింది అన్నదాన్ని బట్టి దారులు చీలాయి. పెళ్లికి ముందో, పిల్లలు కాకముందో వచ్చినవాళ్లు కంపెనీ గేటు లోపలికి పోగలిగారు. చంటిపిల్లలతో వచ్చినవాళ్లకు ఎనిమిది గంటల డ్యూటీ కుదరదు. వాళ్లు భర్తతో కలిసి మేస్త్రి కింద బిల్డింగ్ పనికి పోయారు. అక్కడైతే ఇసుక కుప్ప పక్కన చీర ఉయ్యాల కట్టుకోవచ్చు. ఒక రకంగా అది లదేణి పద్ధతే, పని ఉన్న చోటే సంసారం. కానీ పాత బిడారులో ఎడ్లు మనవి. ఇక్కడ బిల్డింగ్ పూర్తయ్యేసరికి పనీ పోతుంది, గుడిసే పోతుంది.

పిల్లలు బడికి పోయే వయసు వచ్చాక చాలామంది ఇళ్లల్లో పనికి మారారు. పొద్దున మూడు ఇళ్లు, సాయంత్రం రెండు ఇళ్లు. మధ్యాహ్నం పిల్లలు వచ్చే వేళకు ఇంట్లో ఉండొచ్చు. జీతం తక్కువైనా వేళ కుదిరింది కాబట్టి ఆ పని పట్టారు. ఇప్పుడు యాభై దాటాక కూడా అదే పనిలో ఉన్నారు. ఇరవై ఏళ్ల కింద బిడ్డ బడి వేళకు కుదిరిందని పట్టిన పని, బిడ్డకు పెళ్లయిపోయినా వదలలేదు. ఎందుకంటే ఈలోగా వేరే పని నేర్చుకునే వయసు దాటిపోయింది, మోకాళ్లు అరిగిపోయాయి.

ప్రాంతం కూడా మారింది. 2007లో ఉప్పల్ మున్సిపాలిటీ జీహెచ్ఎంసీలో కలిసింది. 2017 నవంబరులో నాగోల్, ఉప్పల్ మీదుగా మెట్రో పరుగు మొదలైంది. ఉప్పల్, నాచారం వంటి పాత పారిశ్రామికవాడల్లో ఐటీ కంపెనీలను ప్రోత్సహించేందుకు 2020లో ప్రభుత్వం గ్రిడ్ విధానం తెచ్చింది. షెడ్డు పోయి అద్దాల బిల్డింగు వస్తే ప్యాకింగ్ హెల్పర్ పని పోతుంది, హౌస్‌కీపింగ్ పని వస్తుంది. చీపురు అదే, యూనిఫారం కొత్తది, పైన ఏజెన్సీ కొత్తది. ఆమె పాత కంపెనీలో చేసిన ఏళ్లు ఆ కొత్త ఏజెన్సీకి లెక్కలోకి రావు.

తెగిన ఏళ్ల లెక్క

ఇక్కడ మేము కొంచెం లెక్కల పాఠం చెప్పాలి. ఓపికగా చదవమని కోరుతున్నాము. ఎందుకంటే మన అక్కల ముసలితనం ఈ లెక్క మీదే ఆధారపడి ఉంది.

పీఎఫ్ కట్టే కంపెనీల్లో పనిచేసేవారికి ఉద్యోగుల పింఛను పథకం 1995 నవంబరు 16న మొదలైంది. దాని మూల సూత్రం ఏమిటంటే, మొత్తం పదేళ్ల సర్వీసు ఉంటే 58 ఏళ్లకు నెల నెలా పింఛను వస్తుంది. పింఛను కోసం లెక్కించే జీతాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగిస్తే వచ్చేది నెల పింఛను. 2014 నుంచి కనీస పింఛను వెయ్యి రూపాయలు.

ఒక అక్క ఉందనుకుందాం. 1999 నుంచి 2003 దాకా నాలుగేళ్లు ఒక కంపెనీలో చేసింది. బిడ్డ పుట్టింది, మానేసింది. మానేసినప్పుడు పీఎఫ్ డబ్బులు, పింఛను వాటా అన్నీ తీసేసుకుంది. అత్తకు ఆపరేషనో, ఇంటి అద్దె అడ్వాన్సో, అవసరం ఉండింది. 2009 నుంచి 2014 దాకా అయిదేళ్లు ఇంకో చోట, కాంట్రాక్టరు కింద చేసింది. పెద్దకూతురి పెళ్లికి మళ్లీ తీసేసుకుంది. 2018లో మూడో చోట చేరి, 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో పని పోయింది. కలిపితే పదకొండేళ్లు. పింఛను లెక్కకు జీతం పది వేలు అనుకుంటే, పదకొండుతో గుణించి 70తో భాగిస్తే నెలకు 1,571 రూపాయలు, బతికినంతకాలం. కానీ ఆమెకు వచ్చేది సున్నా. మొదటి నాలుగేళ్లు, తర్వాతి అయిదేళ్లు ఆమె తీసుకున్న డబ్బుతో పాటే లెక్కలోంచి పోయాయి. మిగిలింది రెండేళ్లు.

పదేళ్లు నిండక ముందు మానేసినవాళ్లకు ఇంకో దారి ఉంది. ఫారం 10సి లోనే పింఛను వాటా డబ్బు తీసుకోకుండా స్కీం సర్టిఫికెట్ అడగవచ్చు. పాత ఏళ్లు అందులో నిలిచి ఉంటాయి. రేపు ఇంకో కంపెనీలో చేరితే అవి ఇక్కడ కలుస్తాయి. ఈ సంగతి గేటు దగ్గర ఎవరూ చెప్పరు. చెప్పినా, బిడ్డను చంకలో పెట్టుకుని అద్దె బాకీ ఉన్న మనిషికి ముప్పై ఏళ్ల తర్వాతి పింఛను కంటే ఇవాళ్టి ఎనిమిది వేలు పెద్దగా కనిపిస్తాయి. తప్పు ఆమెది కాదు. సంసారం అవసరాలన్నీ ఆమె సర్వీసు లోంచే తీర్చుకున్నాము. ఇదే ఇంట్లో మగవాడి సర్వీసు తెంచాలని మాత్రం ఎవరికీ తట్టలేదు.

ప్రసూతి సంగతి కూడా ఇంతే. ఈఎస్ఐ కార్డు ఉన్నవారికి, ముందటి రెండు కాంట్రిబ్యూషన్ కాలాల్లో కలిపి కనీసం 70 రోజులు చందా కట్టి ఉంటే ప్రసూతి సెలవు జీతంతో వస్తుంది. 2017 నుంచి అది మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలు. కానీ కాన్పుకు తండాకు పోవాలి కాబట్టి ఏడో నెలలోనే మానేసి పోయినవాళ్లు ఎక్కువ. సెలవు పెట్టడం వేరు, మానేయడం వేరు. ఆ తేడా తెలియక ఎంతోమంది ఉద్యోగం వదిలి పోయారు.

ఇక వయసు సంగతి. బడికి పోని ఆడపిల్లకు పుట్టిన తేదీ కాగితం ఉండదు. ఆధార్ తీసేటప్పుడు ముఖం చూసి, పిల్లల వయసు చూసి అంచనాగా రాసినవి చాలా ఉన్నాయి. జనవరి 1న పుట్టినవాళ్లు మన తండాల్లో ఇంతమంది ఎందుకున్నారో మీకు తెలుసు. వయసు ఎక్కువగా రాస్తే నలభై అయిదుకే కంపెనీ గేటు దగ్గర "వయసైపోయింది" అంటారు. తక్కువగా రాస్తే వృద్ధాప్య పింఛను దగ్గర "ఇంకా రాలేదు" అంటారు. తెలంగాణలో 2014లో ఆసరా మొదలైనప్పుడు వృద్ధాప్య పింఛనుకు వయసు 65, తర్వాత 57కు తగ్గించారు. కార్డు మీద నాలుగేళ్లు తక్కువ పడితే ఆ నాలుగేళ్లూ ఆమె ఎవరి ఇంట్లోనో అంట్లు తోమవలసిందే.

నలభై అనే గడప ఇంకా ఉంది. అసంఘటిత కార్మికులకు 60 ఏళ్ల తర్వాత నెలకు 3,000 రూపాయల పింఛను ఇచ్చే శ్రమయోగి మాన్‌ధన్ పథకం 2019లో వచ్చింది. చేరడానికి వయసు 18 నుంచి 40 లోపు ఉండాలి. మన ఆడవాళ్లకు పిల్లలు చేతికందేది, కాస్త ఊపిరి తీసుకునేది సరిగ్గా నలభై దాటాకే. ఆమె తీరిక చేసుకుని వచ్చేసరికి తలుపు మూసి ఉంటుంది.

ఇది మన ఒక్కరి కథ కాదు

2023లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి క్లాడియా గోల్డిన్‌కు వచ్చింది. ఆమె అమెరికాలో రెండు వందల ఏళ్ల ఆడవాళ్ల పని చరిత్రను తవ్వి చూశారు. వ్యవసాయం నడిచిన కాలంలో ఆడవాళ్లు ఎక్కువగా పనిలో ఉన్నారు. ఫ్యాక్టరీలు వచ్చి ఇల్లూ పనీ విడిపోయాక, పెళ్లయిన ఆడవాళ్లు పనిలోంచి తగ్గిపోయారు. చదువు, ఆఫీసు ఉద్యోగాలు పెరిగాక మళ్లీ వచ్చారు. పాత జనాభా లెక్కల్లో ఆడమనిషి పేరు ఎదురుగా "భార్య" అని రాసి ఆమె చేసిన పనిని వదిలేశారని కూడా ఆమె చూపించారు. ఇవాళ్టి కాలంలో ఆడ, మగ జీతాల తేడా ఎక్కువగా మొదటి బిడ్డ పుట్టాక మొదలవుతుందని ఆమె పరిశోధన చెబుతుంది.

ఇది చదివినప్పుడు మాకు లదేణి గుర్తొచ్చింది. అమెరికా పొలంలో జరిగింది మన బిడారులోనూ జరిగింది. ఇల్లూ పనీ ఒక్కటిగా ఉన్నంతకాలం ఆడమనిషి పనిలోంచి తెగలేదు. విడిపోయిన నాటి నుంచి, విడిపోయిన ప్రతి చోటా, తెగుతూనే ఉంది. తేడా ఒక్కటే. అక్కడ చదువు వచ్చి ఆడవాళ్లను మళ్లీ పనిలోకి తెచ్చింది. ఇక్కడ చదువు మా తరానికి సగంమందికి కూడా సరిగా అందలేదు.

నిలబడినవాళ్లు ఎలా నిలబడ్డారు

కొందరు నిలబడ్డారు. వాళ్లను చూస్తే మాకు మూడు సంగతులు కనిపించాయి.

మొదటిది, ఇంట్లో ఎవరో ఒకరు బిడ్డను పట్టుకున్నారు. అత్తో, తల్లో తండా నుంచి వచ్చి మూడేళ్లు ఉప్పల్‌లో ఒకే గదిలో సర్దుకుని ఉన్నారు. ఆ మూడేళ్లే కోడలి సర్వీసును తెగకుండా కాపాడాయి. మనం అత్తల గురించి పాటల్లో చాలా నిష్ఠూరాలు పాడతాము. ఈ అత్తల గురించి కూడా ఒక పాట కట్టాలి.

రెండోది, కొద్దిపాటి చదువైనా ఉంది. ఏడో తరగతి చదివినామె స్టోర్‌లో లెక్క రాయగలిగింది, అంగన్‌వాడీలో సహాయకురాలు కాగలిగింది. అయిదేళ్లు బడికి పోవడం నలభై ఏళ్ల తర్వాత మోకాళ్లను కాపాడింది.

మూడోది, ఇంట్లో నేర్చిన పనికి బయట ధర కట్టించుకోగలిగారు. పదిమంది ఇంట్లో పెద్దకూతురిగా వండినామె, హాస్టల్‌లో రెండు వందల మందికి వండగలదు. అద్దాలు, గవ్వలు కుట్టిన చేయి మగ్గం వర్క్ బ్లౌజు కుట్టగలదు. కర్ణాటకలో సండూర్ లంబాణీ కుట్టుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. మన దగ్గర అదే చేయి ముక్కకింత అని కూలికి కుడుతున్నది. "ఏం చెయ్యలే, ఇంట్లనే ఉన్న" అన్న అక్కకు నిజానికి ముప్పై ఏళ్ల అనుభవం ఉంది. ఆమె నోటితో ఆ మాట అనిపించడం మొదటి పని.

మగవాళ్ల సంగతి కూడా ఒక మాట. ఇరవై ఏళ్లు సెంట్రింగ్ పనిచేసి నడుము పోయినవాడు అరవైకి అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ అవుతాడు. అతనికి ఇచ్చే గది కోసం భార్య అదే బిల్డింగ్ మెట్లు కడుగుతుంది. చాలాసార్లు జీతం ఒకరిది, పని ఇద్దరిది. అది కూడా పాత పని తెచ్చిన కొత్త పనే.

ఇప్పుడు చేయగలిగినవి

చరిత్ర రాసి ఊరుకుంటే లాభం లేదు. సంఘం తరఫున, ఇళ్లలో చదువుకున్న పిల్లల తరఫున చేయగలిగినవి కొన్ని ఉన్నాయి.

కంపెనీల్లో, ఏజెన్సీల్లో పనిచేసిన ప్రతి అక్క దగ్గర పాత పీఎఫ్ నంబర్లు, జీతం చీటీలు, గుర్తింపు కార్డులు ఉన్నాయేమో వెతకాలి. వేరువేరు చోట్ల పడిన ఏళ్లను ఒకే యూఏఎన్ నంబరు కిందికి తేవాలి. ఇంకా డబ్బు తీసుకోనివాళ్లు ఉంటే, తీసుకునే ముందు ఒక్కసారి ఏళ్లు లెక్కపెట్టాలి. పదేళ్లకు దగ్గరలో ఉంటే అప్పు చేసైనా సరే ఆ పింఛను వాటాను కదిలించకూడదు.

పుట్టిన తేదీ తప్పు ఉన్నవాళ్లు పింఛను వయసు దాకా ఆగకుండా ఇప్పుడే సరిచేసుకోవాలి. మూడో తరగతి దాకా చదివినా సరే, ఆ బడి అడ్మిషన్ రిజిస్టర్‌లో పేరు, తేదీ ఉంటాయి. రిజిస్టర్లు రాసే ఉద్యోగం మాది. ఆ పుస్తకంలో ఒక వరుసకు ఎంత విలువ ఉంటుందో మాకు తెలుసు. ముప్పై అయిదేళ్ల కింద ఒక టీచరు చేత్తో రాసిన ఒక్క వరుస, ఇవాళ ఒక అక్కకు నాలుగేళ్ల పింఛను తేగలదు.

బిల్డింగ్ పనిలో ఉన్నవాళ్లు కార్మిక సంక్షేమ బోర్డు కార్డు తీసుకోవాలి. 1996లో వచ్చిన చట్టం పెట్టిన షరతు, 18 నుంచి 60 ఏళ్ల మధ్య వయసు, ముందటి పన్నెండు నెలల్లో 90 రోజుల పని. అడ్డా మీద నిలబడేవారు ఏ రోజు ఎవరి దగ్గర చేశారో ఒక చిన్న పుస్తకంలో రాసుకోవాలి. రాయడం రాకపోతే ఇంట్లో చదువుకునే బిడ్డ రాయాలి. ఇళ్లల్లో పనిచేసేవాళ్లు ఈ-శ్రమ్‌లో పేరు నమోదు చేసుకోవాలి. దానికి వయసు 59 దాటకూడదు.

నలభై లోపు ఉన్న చెల్లెళ్లకు వేరే మాట చెబుతున్నాము. కాన్పు అంటే మానేయడం కాదు, సెలవు పెట్టడం. అత్తగారిని, తల్లిని మూడేళ్లు పట్నానికి పిలుచుకోండి. ఇంట్లో ఎవరికో ఒకరికి పని మానుకోవలసి వస్తే, ప్రతిసారీ ఆడమనిషే ఎందుకు మానాలో ఆ ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి.

తండాలో ఉన్న తల్లిదండ్రులకు కూడా ఒక విన్నపం. పద్దెనిమిది నిండిన ఎస్సీ, ఎస్టీ ఆడపిల్లల పెళ్లికి సాయం చేసే కల్యాణలక్ష్మి పథకం 2014 అక్టోబరు 2న మొదలైంది. దాని వల్ల పెళ్లి వయసు గురించి ఇళ్లలో మాట వచ్చింది, మంచిదే. కానీ పద్దెనిమిది నిండగానే పెళ్లి చేస్తే సరిపోదు. ఇంటర్ అయ్యాక ఇంకో మూడేళ్లు ఆగితే, ఆ మూడేళ్లు ఆమె యాభై ఏళ్ల వయసు దాకా పనికొస్తాయి.

చివరగా సంఘానికి మా కోరిక ఒకటి. ఉప్పల్, నాచారం, మల్లాపూర్, రామంతాపూర్ బస్తీల్లో ఉన్న మన పెద్దక్కలను కూర్చోబెట్టి, పదేళ్ల వయసు నుంచి ఇవాళ్టి దాకా వాళ్లు చేసిన ప్రతి పనినీ, వదిలేసిన ప్రతి పనినీ, ఎందుకు వదిలేశారో కూడా వాళ్ల మాటల్లోనే రాసి పెట్టాలి. హాస్టళ్లలో ఉన్న మన ఆడపిల్లలు సెలవుల్లో ఆ పని చేయగలరు. ఒక్కొక్కరు వాళ్ల యాడి దగ్గర, నానమ్మ దగ్గర మొదలుపెడితే చాలు. రాసే నోటుపుస్తకాలు మేము ఇస్తాము. వచ్చే సంచికకు మొదటి ఇరవై మంది పని చరిత్రలు పంపే బాధ్యత కూడా మాదే.